తొట్టిబండికి రివర్సు గేరు

గేరుబాక్సుల్లో అరిగిన పళ్ళు తీసేసి కొత్తవి కోసి పెట్టే మెకానిక్కును ఆ వీధిలో అందరూ పళ్ళ డాక్టరు అనేవారు. అసలు పళ్ళ డాక్టరు రెండు దుకాణాల అవతల ఉండేవాడు. చెంప పట్టుకుని పొరపాటున షెడ్డులోకి వచ్చేవాళ్ళను మెకానిక్కు వారానికొకరినైనా అటు పంపేవాడు. "నాకు పీకడమే వచ్చు, మత్తివ్వడం రాదు" అని నవ్వేవాడు.

ఒక సోమవారం పొద్దున ఆ షెడ్డు ముందు తొట్టిబండి ఒకటి వచ్చి ఆగింది. పాతకాలపు మోటారుసైకిలు, దాని పక్కన ఒక మనిషి కూర్చునేలా ఇనప తొట్టి, మొత్తం మూడు చక్రాలు. నడుపుకొచ్చిన ఆవిడకు యాభై ఏడేళ్ళు. పక్క వీధిలో పుస్తకాలకు బైండింగు చేసే దుకాణం ఆవిడదే. అందరూ బైండింగమ్మ అంటారు. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమకాలు సన్నబడిపోయింది. రెండు చక్రాల బండి అయితే పడిపోతుందని తండ్రి తన బండికి తొట్టి తగిలించి, కాలితో వేసే గేరును చేతికి మార్చి, పదిహేడేళ్ళ కూతురికి నడపడం నేర్పాడు. ఆయన పోయి చాలాకాలమైంది. బండి మాత్రం ఆవిడను ఏనాడూ నడిదారిలో వదిలెయ్యలేదు.

"దీనికి రివర్సు పెట్టించాలి" అంది, దిగకుండానే.

"ఈ వయసులోనా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఎవరి వయసు?"

"బండి వయసేనమ్మా! నాకంటే పెద్దది, గౌరవం ఇవ్వాలి కదా" అని నాలుక కరుచుకున్నాడు. "ఎంత దూరం వెనక్కి పోవాలి? ఇంటి ముందు సర్ది పెట్టుకోడానికేనా?"

"రెండొందల ఎనభై అంగలు."

అతను పానా పక్కన పెట్టాడు. "అంత దూరం వెనక్కి నడిపేకన్నా ఎక్కడో ఒకచోట తిప్పుకోవచ్చు కదా?"

"తిప్పుకునే చోటు లేదు. అటూ ఇటూ నీళ్ళే."

అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెయినును వేలితో పైకెత్తి వదిలాడు. తర్వాత తలుపు పక్కనున్న పీపా మీద కూర్చుని, తనకు తోచిన దారులన్నీ చెప్పాడు. ఒకటి, ఆటోది ఇంజనూ గేరుబాక్సూ కలిపి దించెయ్యడం. రివర్సు పుట్టుకతోనే ఉంటుంది, పని తేలిక. కాకపోతే బండి ఒళ్ళు కొయ్యాలి, గొంతు కూడా మారిపోతుంది. రెండోది, వెనకటి సైన్యం వాళ్ళ తొట్టిబళ్ళకు ఉండే బరువైన గేరుబాక్సు. అతని దగ్గర ఒకటి చెక్కపెట్టెలో ఉంది. అందులో రివర్సు దిట్టంగా పడుతుంది, అయితే ఎడమకాలి మడమతో గట్టిగా తొక్కాలి. అతనే ఆవిడ కాలి వైపు చూసి, "అది వద్దులెండి" అన్నాడు. మూడోది, వెనక చక్రానికి ఆనించి తిప్పే చిన్న కరెంటు మోటారు. మీట నొక్కితే చాలు. "పది అంగలకు పనికొస్తుంది. రెండొందల ఎనభై అంటే మధ్యలోనే బ్యాటరీ దండం పెట్టేస్తుంది."

"ఇంకేమీ లేవా?"

"ఉంది. మీ గేరుబాక్సు జోలికి పోకుండా, దానికీ వెనక చక్రానికీ మధ్య చెయిను దారిలో ఒక చిన్న పెట్టె పెట్టడం. మీట ఇటేస్తే ముందుకి, అటేస్తే వెనక్కి. అది బజారులో దొరకదు, నేనే లేతు మీద చెయ్యాలి. నెల పైన పడుతుంది. నాలుగు గేర్లూ వెనక్కి పనిచేస్తాయి. నాలుగో గేరులో వెనక్కి పోతే మాత్రం నన్ను తల్చుకోకండి."

ఆవిడ నవ్వలేదు. "వీటిల్లో ఏది అన్నిటికన్నా నెమ్మదిగా పోతుంది?"

"నెమ్మదిగానా?" అతను తల గోక్కున్నాడు. "ఈ షెడ్డులో కూర్చున్నప్పటి నుంచీ ఎంత స్పీడొస్తుందనే అడిగారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదమ్మా. నేను చేసే పెట్టె అయితే పళ్ళు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోవచ్చు. ఎంత నెమ్మది కావాలి?"

ఆవిడ హ్యాండిలు వైపు చూసింది.

"గుండె ఆపరేషనయిన మనిషి నడిచేంత" అంది.

*

ఊరి చివర కాలువ గట్టు మీద ఒక లాకు ఉంది. పై కాలువలో నీళ్ళు ఎత్తుగా, కింది కాలువలో పల్లంగా ఉంటాయి. పడవ వచ్చినప్పుడల్లా పెద్ద తలుపులు మూసి, మధ్యలో నీళ్ళు నింపో వదిలో దాన్ని ఎక్కించాలి, దించాలి. ఆ పని చూసే లాకాయన పక్కనే ఒంటి గది ఇంట్లో ఉంటాడు. పడవ ఏ వేళ వస్తుందో తెలియదు కాబట్టి ఇల్లు కదలడానికి వీల్లేదు. నెలకో సెలవు రోజు దొరికితే అది సరుకులకీ క్షవరానికే సరిపోయేది.

ఇరవై రెండేళ్ళ కిందట, లాకు దాటే పడవల పేర్లు రాసుకునే పెద్ద రిజిస్టర్లు కుట్టి ఇవ్వడానికి బైండింగమ్మ మొదటిసారి అక్కడికి వెళ్ళింది. రాళ్ళు కుప్పపోసే చోటు దాకా గట్టు వెడల్పుగానే ఉంది. అక్కడి నుంచి లాకు దాకా తొట్టిబండి పట్టేంత దారే. ఇంటి ముందుకు వచ్చాక గానీ ఆవిడకు తెలియలేదు, ఇక బండి తిరగదని.

"ఇప్పుడెలా వెళ్ళాలి?" అంది కంగారుగా.

"వచ్చిన దారినే వెళ్ళాలి. కాకపోతే వీపు ముందు పెట్టుకుని" అన్నాడు లాకాయన.

ఆయన బండి ముందుకొచ్చి, ఒక చెయ్యి హెడ్‌లైటు మీద, ఇంకో చెయ్యి తొట్టి అంచు మీద వేసి తొయ్యడం మొదలుపెట్టాడు. వెనకున్న దారి ఆవిడకు కనపడదు, ఆయనకే కనపడుతుంది. అందుకని ఆవిడ ఆయన మొహం చూస్తూ హ్యాండిలు పట్టుకుంది. ఆయన ఆవిడ భుజం మీదుగా దారి చూస్తూ "కుడికి," "ఎడమకి," "చాలు" అంటూ వచ్చాడు. రాళ్ళ కుప్పల దగ్గర ఆవిడ బండి తిప్పుకుంది.

తర్వాతి ఆదివారం, రిజిస్టరు కుట్టు సరిగా నిలిచిందో లేదో చూద్దామని వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారం ఏ సాకూ దొరక్క ఊరికే వెళ్ళింది. మరి మానలేదు.

ఆ గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, పడవవాళ్ళు తాడు లాగితే మోగే గంట, నీళ్ళ మీదికి తెరుచుకునే కిటికీ ఉండేవి. ఇద్దరూ టీ తాగేవారు. ఆవిడ రిజిస్టరు తిప్పి ఆ వారం వచ్చిన పడవల పేర్లు పైకి చదివేది. ఆయన ఏ పడవ సరంగు ఎలాంటివాడో చెప్పేవాడు. మిగతా అరగంట నీళ్ళు చూసేవారు. ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకునేవారు. ఆ రోజుల్లో ఆవిడ తండ్రి మంచాన ఉన్నాడు. ఆయన పోయేసరికి ఆదివారాలు ఒక అలవాటులో పడిపోయాయి. అడగాల్సిన మాట లాకాయన నోటి దాకా వచ్చేది, ఆవిడ నోటి దాకానూ వచ్చేది. అడిగి కాదనిపించుకుంటే ఈ ఆదివారం కూడా పోతుందేమోనని ఇద్దరూ మింగేసేవారు. వారం మొత్తమ్మీద ఆవిడ ఎదురుచూసింది మాత్రం టీ కోసం కాదు, తిరిగి వెళ్ళే ఆ రెండొందల ఎనభై అంగల కోసం. జానెడు దూరంలో ఆయన మొహం, నుదుటి మీద చెమట, ఆయాసం మధ్య ఒక్కో మాట.

కిందటేడు వానలు వెలిశాక లాకాయన తలుపుల చక్రం తిప్పుతూ కూలబడిపోయాడు. పడవవాళ్ళే ఆసుపత్రికి చేర్చారు. గుండెకు ఆపరేషను చేసి, బరువు తొయ్యకూడదు, ఎత్తకూడదు, పరిగెత్తకూడదు, రోజూ నెమ్మదిగా నడవాలి అని చెప్పి పంపారు. ఆఫీసు వాళ్ళు ఆయనకు సాయంగా ఒక బదిలీ మనిషిని వేశారు.

మొదటి ఆదివారం ఆ బదిలీ మనిషే ఆవిడ బండిని వెనక్కి తోశాడు. దారి పొడుగునా అతని మొహం చూడాల్సొచ్చింది. అతను నమిలేదేదో నములుతూ తోశాడు. రెండో వారం, "మేడమ్, నా ఉద్యోగం నీళ్ళ తలుపులకి, మీ బండికి కాదు" అని కుర్చీలోంచి లేవలేదు. అది విని లాకాయన తనే లేచి హెడ్‌లైటు మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఒట్టు పెట్టి ఆపింది. బదిలీ మనిషి సిగ్గుపడి గొణుక్కుంటూ తోశాడు. ఆ తర్వాత ఆవిడ రాళ్ళ కుప్పల దగ్గరే బండి ఆపి, చేతికర్రతో నడిచి చూసింది. అరవై అంగలకే తడిరాయి మీద జారి పడింది. అది చూసి, పరిగెత్తకూడని మనిషి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయారు, ఆయన గుండె నెమ్మదించే దాకా.

"ఇక రాను" అంది ఆవిడ.

"రాకపోతే ఎలా?" అన్నాడాయన.

రాకుండా ఉండలేక ఆవిడ రాళ్ళ కుప్పల దాకా వచ్చి ఆగేది. ఆయన గది ముందు కుర్చీలో కూర్చునేవాడు. ఎర్ర స్వెటరు తప్ప మొహం ఆనేది కాదు. ఆవిడ హారను కొట్టేది. ఆయన చెయ్యి ఎత్తేవాడు. ఫోను చేస్తే ఇవే మాటలు. "తిన్నారా," "తిన్నాను," "మాత్రలు?" "వేసుకున్నాను." అలా పది ఆదివారాలు గడిచాక, ఆ సోమవారం ఆవిడ పళ్ళ డాక్టరు షెడ్డుకు వెళ్ళింది.

*

పెట్టె తయారీకి నెలన్నర పట్టింది. కావాల్సిన నెమ్మది ఎంతో తేల్చడానికి పళ్ళ డాక్టరు షెడ్డు నేల మీద సుద్దతో గీతలు గీసి, ఒక చేతిలో గడియారం పట్టుకుని, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టుకుని నడిచి చూపించాడు.

"ఇంతనా?"

"ఇంకా నెమ్మది."

"ఇంతకన్నా నెమ్మదంటే నిలబడటమేనమ్మా!"

"మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటారు కూడా" అంది ఆవిడ.

అతను ఆగి ఊపిరి తీసుకుని మరీ నడిచాడు. అటుగా పోతున్న అసలు పళ్ళ డాక్టరు లోపలికి తొంగిచూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళాడు.

ఇంట్లో వదిన ఊరుకోలేదు. అన్న పోయాక వదినా ఆడపడుచూ దుకాణం మీది వాటాలో కలిసే ఉంటున్నారు. వదిన మాటకు కత్తెరకున్నంత పదును.

"ముందుకే సరిగ్గా పోని బండికి వెనక్కి పోయే సోకేంటమ్మాయ్?"

"అవసరం వదినా."

"అవసరం బండికి కాదులే. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా. మీ ఇద్దరికీ కావాల్సింది రివర్సు కాదు, ఫస్టు గేరు. దాన్ని ఏ మెకానిక్కూ చెయ్యలేడు."

ఆవిడ జిగురు గిన్నెలో కుంచె ముంచుతూ తల వంచుకుంది. ఆ వారమంతా అట్టలకు గుడ్డ అంటిస్తూనే ఒక భయం ఆవిడను తినేసింది. బండి దానంతటదే వెనక్కి వచ్చేస్తే ఆయన ఎదురుగా ఎందుకుంటాడు? గది గుమ్మంలోనే చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోతాడేమో. ఉన్న ఆ కాస్తనీ తన చేతులతో తనే పోగొట్టుకుంటోందేమో. రెండుసార్లు షెడ్డుకు వెళ్ళి పని ఆపేయమందామనుకుంది. వెళ్ళలేదు. ఎర్ర స్వెటరును దూరం నుంచి చూడటం కన్నా ఏదైనా మేలే.

పని పూర్తయిన రోజు దుకాణం వెనక సందులో నడిపి చూసింది. తోడుకని వదిన తొట్టిలో ఎక్కి కూర్చుంది. ఆవిడ మీట దానంతటదే కదలకుండా దిగేసిన మేకు తీసి, మీట అటు వేసి, క్లచ్చు వదిలింది. బండి చిన్నగా మూలిగి, గొంగళి పురుగులా వెనక్కి కదిలింది.

"అమ్మో, పోతోందే! పోతోందే!" అని వదిన అరిచింది. సందు చివరికి చేరేసరికి అరవడం మానేసి ఆవులించింది. "ఇలా అయితే నేను నడిచొస్తాలే" అని దిగిపోయింది.

*

ఆదివారం మధ్యాహ్నం బైండింగమ్మ రాళ్ళ కుప్పల దగ్గర ఆగకుండా సన్న దారిలోకి దిగింది. లాకాయన కుర్చీలోంచి లేచి, "ఆగండి, ఆగండి!" అని రెండు చేతులూ ఊపాడు. ఆవిడ గది ముందు దాకా వచ్చి ఇంజను ఆపింది. మూడు నెలల పైన అయింది ఆయన మొహం ఇంత దగ్గర్లో చూసి. చెంపలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చొక్కా వదులైంది.

"ఎవరు తోస్తారిప్పుడు?" అన్నాడు కంగారుగా.

"ఎవరూ తొయ్యక్కర్లేదు."

ఆయన వంగి ఆ కొత్త పెట్టె చూశాడు. మీట చూశాడు. చక్రాలూ పళ్ళూ తెలిసిన మనిషి, ఒక్క చూపులో అర్థమైంది.

"బాగా చేశాడు. మంచి పని" అని లేచాడు. "ఇక నాతో పని లేదన్నమాట."

మాట మామూలుగానే అన్నాడు. కానీ ఆ రోజు పడవల పేర్లు చదువుతుంటే ఏ సరంగు గురించీ ఆయన ఏమీ చెప్పలేదు. వెళ్ళే వేళకు ఆవిడ బండెక్కి ఇంజను వేసింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సరిగ్గా ఆవిడ భయపడినట్టే.

"రండి" అంది.

"ఎందుకు?"

"వెనక దారి నాకు కనపడదు."

"అద్దం ఉందిగా."

"అద్దంలో మీరు కనపడరు."

అనేశాక ఆవిడ చెవులు వేడెక్కాయి. ఆయన గుమ్మం దిగి, బండి ముందుకొచ్చి, హెడ్‌లైటు మీద ఒక చెయ్యి, తొట్టి అంచు మీద ఒక చెయ్యి వేశాడు. తొయ్యడానికి కాదు, ఊరికే వేశాడు. ఆవిడ క్లచ్చు వదిలింది. బండి కదిలింది. ఆయన దానితోపాటు అడుగు వేశాడు. నాలుగడుగులు వేశాక ఆయనకు తెలిసింది.

"ఏంటిది, నాతో సమానంగా నడుస్తోంది?"

"అలా చెయ్యమనే చెప్పాను. డాక్టరు మిమ్మల్ని నడవమన్నాడుగా."

ఆయన "కుడికి" అన్నాడు. "చాలు" అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోడానికి ఆగితే ఆవిడా ఆపింది. రాళ్ళ కుప్పల దగ్గర ఆయన చేతులు తీసి జేబులో పెట్టుకుని, బదిలీ మనిషి పిలిచే దాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాతి మూడు ఆదివారాలూ అంతే. ఒక వారం తలుపుల చక్రానికి గ్రీజు గురించి చెప్పాడు. ఇంకో వారం దారంతా గొంతు సవరించుకున్నాడు. అయిదో ఆదివారం సగం దారికి వచ్చాక ఉన్నట్టుండి అన్నాడు:

"ఇరవై రెండేళ్ళు తోశాను. దారిలో కుడి, ఎడమ తప్ప ఒక్క మాట మాట్లాడలేదు."

"ఆయాసపడేవారు కదా."

"అదే మేలనుకునేవాణ్ణి. ఊపిరాడక మాట్లాడట్లేదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చూడండి, బరువు లేదు, ఊపిరి ఉంది. ఏ సాకూ మిగల్చలేదు మీరు."

ఆవిడ హ్యాండిలు పట్టుకున్నదనే గానీ తిప్పడం మరిచిపోయింది.

"వెళ్ళకుండా ఉండిపొమ్మని ప్రతి ఆదివారం అడుగుదామనుకునేవాణ్ణి. అనుకునేలోపే రాళ్ళ కుప్పలు వచ్చేసేవి. ఎడమకి. ఎడమకండీ! నీళ్ళలో పడతాం!"

ఆవిడ ఉలిక్కిపడి బండి ఆపింది. తొట్టి చక్రం గట్టు అంచున నిలిచింది. ఇంజను ఆగిపోయింది. అవతల లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడింది.

"ఇరవై రెండేళ్ళ కిందట అడిగి ఉంటే?" అన్నాడాయన.

"నాన్నను వదిలి రాలేనని చెప్పేదాన్నేమో. తెలీదు." అంది ఆవిడ. "ఆ తర్వాత ఎప్పుడడిగినా వచ్చేదాన్ని."

ఆ మాటకు ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పోయిన ఆదివారాలన్నీ ఇద్దరి మధ్యా బరువుగా నిలబడ్డాయి. వాటిని ఎవరు తోస్తే మాత్రం కదులుతాయి? ఆవిడ మీట ఇటు వేసి మేకు దిగ్గొట్టింది.

"తొట్టిలో ఎక్కండి."

"ఎక్కడికి?"

"మీ ఇంటికే."

ఆయన ఆ తొట్టిలో ఎక్కడం అదే మొదలు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకుని కూర్చున్నాడు. బండి ముందుకు నడిచి మళ్ళీ లాకు చేరింది.

గదిలోంచి ఆవిడ వదినకు ఫోను చేసింది. "వదినా, ఇవాళ రావట్లేదు" అంది భయంభయంగా.

"నీకు వండలేదులే" అంది వదిన. "ఆయన మందులు వేళకి వెయ్యి. దుకాణం రేపు నేను చూస్తా. జిగురు మాత్రం కలపను, కంపు."

అంతా సవ్యంగా కుదిరిందనలేం. లాకు గదిలో తేమకు అట్టలు వంకర్లు తిరుగుతాయి, జిగురు ఆరదు, కాబట్టి బైండింగు అక్కడికి రాదు. రోజూ సాయంత్రం బదిలీ మనిషి ఇంటికి వెళ్ళిపోయాక లాకాయన గట్టు దిగడానికి వీల్లేదు. ఆయన ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది. అందుకని ఆవిడ సోమవారం దుకాణానికి సెలవు పెట్టింది. ఆదివారం వెళ్ళి మంగళవారం పొద్దున బయల్దేరుతుంది. ఆయన హెడ్‌లైటు మీద చెయ్యి వేసి రాళ్ళ కుప్పల దాకా నడుస్తాడు.

ఇదివరకు ఆవిడకు ఎప్పుడెప్పుడు గట్టుకు వెళ్తానా అనే గుబులు శనివారం సాయంత్రం మొదలయ్యేది. ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నానికే మొదలవుతుంది. సూది చేతిలో పట్టుకుని, దారం ఎక్కించకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుండిపోతుంది. "ఉన్నప్పుడు ఒక బాధ, లేనప్పుడు ఒక బాధ" అని వదిన విసుక్కుంటూ ఆ సూదిలో దారం తనే ఎక్కించి చేతికిస్తుంది.